చిచ్చా కట్టేసిపోయిన ఎద్దు

నేను పట్నం కాలేజీలో చేరడానికి బాపు తన ఎద్దుల జతలో ఒకదాన్ని దేవరకొండ అంగట్లో అమ్మాడు. మా పక్కింటి సాయిబును నేను చిచ్చా అని పిలిచేవాణ్ని, ఆయనది కూడా అప్పటికి ఒంటెద్దు సేద్యమే. రెండోది అంతకుముందు ఏడు రోగమొచ్చి చచ్చిపోయింది. అందుకని ఇద్దరూ చెరొక ఎద్దును జోడీ కట్టి, ఒకనాడు మా చెల్క, ఒకనాడు వాళ్ల చెల్క దున్నుకున్నారు. "పోరడు సదువుకుంటే మన రెండిండ్లకు సర్కారు కచేరీ భయం పోతది అన్నా" అనేవాడు చిచ్చా.

ఆ ఏడే పోలీస్ యాక్షన్ జరిగింది. కాలేజీ మూసేస్తే ఇంటికొచ్చాను. చిచ్చా ఏనాడూ రజాకార్లతో తిరిగినవాడు కాదు. కానీ ఆ రోజుల్లో అదెవరడిగారు? తురకల ఇల్లయితే చాలు, గుంపులు మీద పడుతున్నాయి. ఒకరోజు మేమంతా అంగడికి పోయి వచ్చేసరికి వాళ్లింటికి తాళముంది. మా కొట్టంలో, మా ఎద్దు పక్కన, చిచ్చా ఎద్దు కట్టేసి ఉంది. ముందర గడ్డి కూడా వేసి ఉంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కొన్నాళ్లకు కాలేజీ తెరిచారు. తెరిచి, ఇక చదువంతా ఇంగ్లీషులోనే అన్నారు. నేను చదివింది ఉర్దూలో. ఎద్దునమ్మి కొన్న పుస్తకాలు పల్లీల పొట్లాలకు తప్ప దేనికీ పనికిరాకుండా పోయాయి. కొత్త పుస్తకాలు, పెరిగిన ఫీజు, గది కిరాయి, రెండు పూటలా బువ్వ. లెక్క చెబుతుంటే బాపు నేల చూశాడు.

"చిచ్చా ఎద్దు ఉన్నది గద బాపు. అమ్ముదాం. ఆయన వచ్చినంక పైసలిద్దాం."

"అది అమానతురా. నమ్మి కట్టేసిపోయిండు. మందిసొమ్ము అమ్మి సదివితే గా సదువు అరుగుతదా?"

"ఫీజు కట్టకుంటే పేరు కొట్టేస్తరు!"

"కొట్టేయనీ."

నా కోపం సంగతి మా ఊరంతా ఎరుగుదురు. ఆ పూట కంచం విసిరికొట్టి లేచిపోయాను. బాపు మాత్రం కదల్లేదు. పైగా చిచ్చా చెల్క కూడా తనే దున్నాడు. అందులో పండిన జొన్నలు వేరే గుమ్మిలో పోసి మూతిని పేడతో అలికేశాడు. మా గుమ్మి అడుగంటిన రోజుల్లో కూడా దాన్ని ముట్టనివ్వలేదు. ఇంత మొండి మనిషి కడుపున ఎందుకు పుట్టానా అనుకునేవాణ్ని. నా పేరు కొట్టేశారు. పక్క ఊరి బడిలో పంతులుగా చేరాను. పెళ్లయింది. ఆ కోపంతోనే బాపుతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఊళ్లు కాస్త నెమ్మదించాక చిచ్చా తిరిగొచ్చాడు. గడ్డమంతా తెల్లబడింది. బాపు ఆయన్ను కావలించుకుని, చెయ్యి పట్టి నేరుగా కొట్టంలోకి తీసుకుపోయాడు.

"చూసుకో భాయ్. నీ ఎద్దు. జర బక్కగైంది గని పానం మంచిగున్నది. గుమ్మిల జొన్నలు గూడ నీయే."

చిచ్చా ఎద్దును చూశాడు. తర్వాత వాకిట్లో నిలబడ్డ నన్ను చూశాడు.

"పోరడు గీడ ఉన్నడేంది? పట్నంల లేడా?"

"సదువు ఆగిపోయింది భాయ్. ఖర్సుకు పైసలు లేకపాయె."

"అరె అన్నా!" చిచ్చా నెత్తి పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. "నీ ఎద్దు పోరని సదువు మొదటేడుకు పాయె. నాది రెండో ఏడు ఫీజుకని కట్టేసిపోతిని గదనే! జెప్పనీకి నువ్వింట్ల లేకపోతివి. గంత మాత్రం సమజ్ కాలేదా నీకు?"

బాపు అప్పటికే ఎద్దును గుంజనుంచి విప్పి ఉన్నాడు. పలుపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను బయటికి పోబోతుంటే వెనకనుంచి పిలిచాడు.

"కొడుకా, నువ్వు అడిగిననాడే అమ్మేది ఉండెనా?"

పోయిన చదువు మీది కోపం నాకింకా తీరలేదు. ఆయన చేతిలోంచి పలుపు తీసుకుని ఎద్దును గుంజకు కట్టాను.

"వద్దు బాపు. నువ్వు జేసిందే మంచిగున్నది" అన్నాను. అందులో సగమే నిజం. ఆ సగం చాలన్నట్టు ఆయన నా భుజమ్మీద తల ఆనించి ఏడ్చాడు.