వర్జ్యంలో వెలిగించిన బర్నర్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది తెలిసి మా బెజవాడ కంపెనీ వాళ్ళు నన్ను పెద్దమనుషుల దగ్గరికి పంపడానికి జంకేవాళ్ళు. కానీ గ్యాస్ బర్నర్ బిగించి, మొదటిసారి వెలిగించి, మంట సరిచేసి అప్పగించే పని తెలిసినవాళ్ళు అప్పట్లో తక్కువ. నన్ను పంపక తప్పేది కాదు.

అరవైలు ముగుస్తున్న రోజులు. వంటింటి గ్యాసునే జనం వింతగా చూసేవాళ్ళు. నూజివీడు దాటాక చాట్రాయి దారిలో ఒక తోట యజమాని మామిడిగుజ్జు డబ్బాల్లో పట్టే చిన్న ఫ్యాక్టరీ పెట్టి, బాయిలర్‌కి గ్యాసే కావాలన్నాడు. కట్టెలు మండిస్తే పొగవాసన గుజ్జుకి పడుతుందని ఆయన భయం. సిలిండర్లు విశాఖపట్నం నుంచి లారీలో వచ్చాయి.

పైపులు బిగించాక ప్రతి అతుకు మీదా సబ్బునురగ రాసి చూస్తాం. బుడగ లేచిందంటే అక్కడ గ్యాస్ కారుతున్నట్టే. నా సబ్బు అయిపోతే యజమాని అక్కగారు కుంకుడుకాయ రసం చిలికి గిన్నెతో తెచ్చిపెట్టింది. ఆవిడ చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచిందీ ఆవిడే, తోట చూసుకుందీ ఆవిడే. ఏ చెట్టు ఏ ఏడు కాపు తప్పిందో ఆవిడకి నోటికొచ్చు. నేను నురగ రాస్తుంటే వెనకే వచ్చి, "బుడగ వచ్చిందా అబ్బాయ్?" అని అడిగేది. రాలేదంటే, పిల్లాడికి జ్వరం తగ్గిందన్న కబురు విన్నట్టు సంతోషించేది.

ప్రారంభానికి ముహూర్తం పెట్టారు. ఆ రోజు తెల్లవారకముందే కూలి ఆడవాళ్ళు చిన్నరసాలు పిండడం మొదలుపెట్టారు. పొద్దెక్కేసరికి తొట్లన్నీ నిండాయి. అసలే వైశాఖపు ఎండ. సాయంత్రంలోగా ఉడికించి డబ్బాల్లో మూసేయకపోతే ఆ గుజ్జంతా పులిసిపోతుంది. తోటలో మొదటి కోత మొత్తం ఆ తొట్లలోనే ఉంది.

చుట్టాలూ పక్కాలూ బాయిలర్ ముందు గుమిగూడారు. అక్కగారు మాత్రం కాయల గుట్ట వెనక, కూలివాళ్ళ పక్కన నిలబడింది. శుభకార్యానికి ఎదురు రావద్దని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడో తీరిపోయింది. నాకు ఒళ్ళు మండింది. కానీ అది నా ఇల్లు కాదు, ఊరుకున్నాను.

మా పనిలో వరస మారకూడదు. ముందు బాయిలర్ పొయ్యి తలుపూ పొగగొట్టమూ తెరిచి లోపల గాలి ఆడనివ్వాలి. తర్వాత వెలుగుతున్న కాగడా బర్నర్ మూతి దగ్గర పెట్టాలి. ఆ తర్వాతే గ్యాస్ తిప్పాలి. కాగడా ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు గ్యాస్ వదిలి కట్టేసే మర మీద, అంటే కాక్ మీద, చెయ్యి వేసి ఉండాలి. మంట అందుకోకపోతే ఆ క్షణమే కట్టేయాలి.

కాగడా యజమాని భార్య పట్టుకుంది. నిండు పట్టుచీర, చేతినిండా గాజులు. నేను కాక్ తిప్పగానే గ్యాస్ బుస్సుమంది. పాపం, ఆ ఇల్లాలు ఉలిక్కిపడి కాగడా కింద పడేసింది. నేను కాక్ కట్టేసి, కాగడా తీసి బయటికి విసిరేశాను.

"ఏం కాలేదమ్మా, మళ్ళీ వెలిగిద్దాం. కాసేపు ఆగాలి, అంతే," అన్నాను.

"ఆగడమేంటండీ!" అన్నాడు పురోహితుడు. "ముహూర్తం దాటిపోతోంది. దాటితే వర్జ్యం. ఆ వేళలో ఏ మంచిపనీ మొదలుపెట్టకూడదు."

"పొయ్యిలోకి గ్యాస్ పోయిందండీ. అది గాలి కంటే బరువు, అడుగునే కూర్చుంటుంది. ఇప్పుడు నిప్పు చూపిస్తే తలుపు ఊడొచ్చి మన మొహాన కొడుతుంది."

"కొంచెమేగా పోయింది, ఒక్కసారి చూద్దామండీ," అని యజమాని బతిమాలాడు. ఆయన మాట పూర్తికాకముందే ఎవరో కర్పూరం వెలిగించి హారతి పళ్ళెంతో లోపలికి వస్తున్నారు. అది చూశాక నా నోరు ఆగలేదు.

"ఒక్క అడుగు ముందుకేశారంటే సిలిండర్లు లారీ ఎక్కించుకుని పోతా! మీ ముహూర్తం కోసం ఇంతమందినీ చంపమంటారా?"

పెళ్ళిపందిట్లో చావుకబురు చెప్పినవాణ్ణి చూసినట్టు చూశారు నన్ను. హారతి మాత్రం వెనక్కి వెళ్ళిపోయింది.

తలుపులన్నీ తెరిచిపెట్టి కూర్చున్నాం. ముహూర్తం దాటిపోయింది. "నా చేతిలో ఏముంది నాయనా, రేపు పొద్దున్న మంచి ఘడియ ఉంది," అంటూ పురోహితుడు బాధగానే వెళ్ళిపోయాడు. చుట్టాలూ జారుకున్నారు. కూలి ఆడవాళ్ళు తొట్ల మీద తడిగుడ్డలు కప్పి, ఈగలు తోలుతూ మా వైపు చూస్తున్నారు. రేపటికి ఆ గుజ్జు పశువులు కూడా ముట్టవని అందరికీ తెలుసు.

బాయిలర్ పనికి పెట్టుకున్న మనిషిని కాగడా పట్టమన్నాను. "వర్జ్యంలో నిప్పు ముట్టించనండి. పిల్లలు గలవాణ్ణి," అన్నాడు. యజమాని లేవబోతే భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఈసారి నాకు కోపం రాలేదు. భయం ఎవరిదైనా భయమే కదా.

అప్పుడు వచ్చింది అక్కగారు, రసం అంటిన చేతులు కడుక్కుని.

"మంచి ఘడియ అయిపోయిందిగా తమ్ముడూ. ఇప్పుడు నేనొస్తే చెడేదేముంది?"

ఆవిడ నా వైపు తిరిగింది. "ఏం చెయ్యాలో చెప్పు అబ్బాయ్," అంది నాతో.

కొంగు బొడ్లో దోపుకోమన్నాను. దోపుకుంది. మూతికి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడమన్నాను. నిలబడింది. నేను నేలకి వంగి పొయ్యి అడుగున వాసన చూస్తే ఆవిడా వంగి చూసింది. "ఇంక వాసన లేదు," అంది. నాకూ రాలేదు. అప్పుడు కాగడా వెలిగించి ఆవిడ చేతికిచ్చాను.

గ్యాస్ బుస్సుమంది. ఆవిడ చెయ్యి కదల్లేదు. భప్పుమని మంట అందుకుంది.

"అమ్మో, వెలిగింది!" అంది చిన్నపిల్లలా. కాగడా తీసుకుని ఆర్పేశాను. ఆవిడ వెంటనే కొంగు సర్దుకుని, "ఇంక నేను వెళ్ళనా?" అంటూ కాయల గుట్ట వైపు చూసింది. నా ప్రాణం ఉసూరుమంది.

"అప్పుడేనా? మంట సరిచెయ్యాలి. రంగు మీరే చూసి చెప్పాలమ్మా," అన్నాను. అబద్ధమే. ఆ పనికి రెండో మనిషి అక్కర్లేదు.

మొదట్లో మంట పసుపుపచ్చగా, బద్ధకంగా సాగుతూ మసి కక్కుతోంది. బర్నర్‌లోకి గాలి వదిలే రేకు కొద్దిగా తెరిచాను. "ఇంకా కొసలు పచ్చగానే ఉన్నాయి," అంది. మరికాస్త తెరిస్తే మంట హోరుమంటూ మూతిని వదిలి పైకి లేవబోయింది. "ఎగిరిపోతోంది, ఎగిరిపోతోంది!" అని కేకేసింది. రేకు వెనక్కి తిప్పాను. మంట నీలంగా, పొట్టిగా కుదురుకుంది. "ఆఁ, ఇప్పుడు బాగుంది. కదపకు," అంది. నిజంగానే అక్కడే బాగుంది.

సాయంత్రానికి తొట్లు ఖాళీ అయ్యాయి. ఆఖరి డబ్బాలు మూస్తుండగా యజమాని వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"అక్కా, రేపు కూడా నువ్వే వెలిగించాలి," అన్నాడు.

"రేపు మంచిరోజేమో ముందు కనుక్కో తమ్ముడూ," అంది ఆవిడ నవ్వుతూ. "మంచిరోజైతే నన్ను రానిస్తారా?"