ఆరో 'ఎందుకు'

డిప్లొమా పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా వరుస నంబర్లతో కనిపించేది. పొద్దున లేవగానే చేయాల్సిన పనులు తొమ్మిది, బస్సెక్కే ముందు తడుముకోవాల్సిన వస్తువులు నాలుగు, జీవితంలో సాధించాల్సినవి మూడు. ఆ మూడింటిలో మొదటిది పర్మినెంట్ కావడం, రెండోది బండి కొనడం. (మూడోది తోచలేదు. గడి ఖాళీగా ఉంటే నిద్రపట్టదు కనుక 'తర్వాత చూద్దాం' అని నింపాను.) శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై మూడేళ్లు దాటింది. మహేశ్వరం వైపు మా ఊళ్లో జొన్నచేలు ఒక్కొక్కటే ప్లాట్లయిపోతున్నాయి. దున్నడానికి చేను లేని మా బాపుకి నా ఉద్యోగమే ఆ యేటి పంట. ఆరు నెలల ట్రైనింగ్ ముగియవచ్చింది, వచ్చే సోమవారం మేనేజరు గారు నా సంగతి తేలుస్తారు. బాపు అప్పటికే ఊళ్లో సగం మందికి నేను పర్మినెంట్ అయ్యానని చెప్పేశాడు.

నేను పనిచేసేది కొత్తూరులో, అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో, మిషన్లు బాగుచేసే ట్రైనీ ఇంజనీరుగా. అక్కడ ఏ మిషను ఆగినా ఒక కాగితం నింపాలి. అందులో ఐదు గడులుంటాయి, ప్రతి గడి ముందూ 'ఎందుకు?' అని అచ్చేసి ఉంటుంది. మిషను ఎందుకు ఆగింది, అది ఎందుకు అలా అయింది అని ఐదుసార్లు తవ్వుకుంటూ పోతే అసలు కారణం దొరుకుతుందని మేనేజరు గారి సిద్ధాంతం. పనివాళ్లందరికీ అర్థం కావాలని తెలుగులోనే రాయమనేవారు. అందరూ రెండు నిమిషాల్లో ముగించేవాళ్లు. బెల్టు వదులు, బోల్టు వదులు, నట్టు అరిగింది, పాతది, పాతది. కింద సంతకం. నేను మాత్రం ఆ కాగితాన్ని నమ్మాను. అంత అమాయకంగా దాన్ని నమ్మినవాడు ఆ ఫ్యాక్టరీ చరిత్రలో నేనొక్కడినే అనుకుంటాను.

ఆ శుక్రవారం పొద్దున జిగురు మిషను నలభై నిమిషాలు ఆగింది. దాన్ని నడిపేది మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన. శంషాబాద్ మనిషి, మా అందరికంటే సీనియర్. మొదటి ఎందుకు: జిగురు గడ్డకట్టి గొట్టానికి అడ్డం పడింది. రెండోది: జిగురు తొట్టి మూత తెరిచి ఉంది. మూడోది: మూత వేయకుండా చాచా మేడ మీదికి పోయాడు. నాలుగో ఎందుకు కోసం ఆయన్నే అడిగాను. వాళ్ల ఆపా, అంటే పెద్దక్క, ఆ పొద్దున హజ్ యాత్రకు విమానమెక్కిందట. మేడ ఎక్కితే విమానాలు కనిపిస్తాయి. "ఆపా ఉన్నది ఏదో ఎట్ల తెలుస్తది బేటా? అందుకే మూడింటికీ చెయ్యి ఊపిన" అన్నాడు. మరి ఎయిర్‌పోర్టుకే పోవచ్చు కదా అంటే, రాత్రి ఇద్దరికీ లడాయి అయిందన్నాడు. అది ఐదో గడి. కాగితం అయిపోయింది. కారణం అవ్వలేదు.

అలాంటప్పుడు బుద్ధిమంతుడు సంతకం పెడతాడు. నేను తెల్లకాగితం తెచ్చి 'ఆరో ఎందుకు' అని రాశాను. ఆపా తన సూట్‌కేసులో మామిడికాయ ఆచార్ సీసా పెట్టింది. విమానంలో రానివ్వరని చాచా తీశాడు. ఆమె మళ్లీ పెట్టింది, ఈయన మళ్లీ తీశాడు. మూడోసారికి ఆమె, నువ్వు నన్ను సాగనంపడానికి రావద్దంది. రాస్తూ రాస్తూ సీసా మూతకు కట్టిన గుడ్డ రంగు కూడా అడిగి రాశాను. (ఆకుపచ్చ.) మొత్తం మూడు కాగితాలైంది. చివర 'దిద్దుబాటు చర్య' అన్నచోట, ఆపా తిరిగొచ్చాక ఇద్దరూ ఒకే దస్తర్‌ఖాన్, అంటే భోజనాల గుడ్డ, పరిచి కూర్చుని తినవలెను, బాధ్యుడు చాచా, గడువు నలభై రోజులు అని రాసి, గీత గీసి, ఇచ్చేశాను.

మధ్యాహ్నం పిలుపొచ్చింది. మేనేజరు గారు కోస్తా వైపు పెద్దమనిషి, కోపమొచ్చినా మర్యాద తప్పేవారు కాదు. "దీని ప్రకారమైతే పనిలో ఉండగా మిషను వదిలి వెళ్లినందుకు చాచాను వారం రోజులు ఇంటికి పంపాలి. అది మీకు తోచలేదా?" అన్నారు. నిజంగానే తోచలేదు. నా ధ్యాసంతా ఆకుపచ్చ గుడ్డ మీదే ఉంది. ఆయన నా మూడో గడి మొదలు మిగతాదంతా కొట్టేసి, అక్కడ 'మూత దానంతటదే పడదు' అని రాసి, దానికో స్ప్రింగ్ వేయించమన్నారు. చాచా బతికిపోయాడు. నేనూ బతికానని లేవబోతుంటే, ఆయన చేతిలో రెండు కాగితాలే ఉన్నాయని గమనించాను. ఆయన గొంతు సవరించుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "తర్వాతి కాగితం ఏదయ్యా?" అన్నారు.

అది ఎవరి చేతుల మీదుగా పోయిందో గానీ, క్యాంటీన్‌లో ఉంది. ప్యాకింగ్ అక్కలలో ఒకామె పైకి చదువుతుంటే పదిమంది గ్లాసుల్లో చాయ్ చల్లారిపోతోంది. మేనేజరు గారు వెనక నిలబడి చివరిదాకా విని, ఎవరూ చూడకముందే వెళ్లిపోయారు. నాకు నవ్వు ఆగడం లేదు. జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూసుకున్నాను కూడా.

సోమవారం భోజనాల వేళ చాచా నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "మంచిగనే రాసినవ్ బేటా, కానీ గలత్ రాసినవ్" అన్నాడు. ఏం తప్పని అడిగాను. టిఫిన్ డబ్బా మూత తీసి నా ముందుకు జరిపాడు. అన్నం పక్కన ఆచార్. "రానిస్తరో రానియ్యరో నాకేం ఎరుక? ఆపా చేతి ఆచార్ నలభై దినాలు లేకుంటే ఎట్లని తీసి పెట్టుకున్న. తప్పు నాది. నువ్వేమో ఆపా మొండిదన్నట్టు రాసినవ్. జర సరిచెయ్యి" అన్నాడు.

అసలు కారణమే తప్పు రాశానా? ఇంజనీరుకి ఇంతకన్నా అవమానం లేదు. అక్కడికక్కడే కొత్త కాగితం తీశాను. ఈసారి దొంగ తమ్ముడితో మొదలుపెడితే కథ తనంతట తానే పరిగెత్తింది. రెండుచోట్ల నేనే పైకి నవ్వాను. భోజనం అయిపోయిందని సైరన్ మోగిందట. కోత మిషను బెల్టు తెగిందట. ఇరవై నిమిషాలు క్యాంటీన్ తప్ప ఫ్యాక్టరీ అంతా నన్ను వెతికారట. చివరికి మేనేజరు గారే వచ్చి, నా ముందు ఐదు గడుల కాగితం పెట్టి, "ఇది మీ గురించి నింపండి" అన్నారు.

నింపాను. బాగుచేయడం ఎందుకు ఆలస్యమైంది? ఇంజనీరు రాలేదు. ఎందుకు? సైరన్ వినలేదు. ఎందుకు? రాస్తున్నాడు. ఎందుకు? మొదట రాసింది నిజం కాదు. అయితే అతనికెందుకు? ఐదో గడిలో 'దీనికంటే ఇష్టమైన పని అతనికి ఇంకొకటి లేదు' అని రాసి, రాసింది చదువుకుని, గట్టిగా నవ్వేశాను. మేనేజరు గారు నవ్వలేదు. ట్రైనింగ్ ఇంకో మూడు నెలలు పొడిగిస్తున్నామన్నారు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, శుక్రవారం రాసినదాంట్లో రెండో కాగితం కొంచెం సాగిందని కూడా అన్నారు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి ఇంచుమించు గెంతుతూ పోయాను. గుమ్మంలోనే బాపు, "పర్మినెంట్ అయిందా?" అన్నాడు. "కాలే బాపు" అన్నాను. "మరి గట్ల నవ్వుతున్నవేంది?" ఎంత చెప్పినా ఆయనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఆ రాత్రి ఆయన సరిగా తినలేదు, నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ కాస్త సిగ్గేస్తుంది.

ఇప్పుడు రాతే నా పని. ఇందులో పర్మినెంట్ అనేది ఉండదని బాపు కూడా ఒప్పుకున్నాడు. ఆనాటికంటే మెరుగ్గానే రాస్తున్నానని నలుగురూ అంటారు, కావచ్చు. కానీ ఇప్పుడు రాయడానికి కూర్చుంటే పక్కింటి కుక్కరు కూత, వీధిలో కూరగాయల బండి కేక, ఫోన్‌లో చిన్న టింగుమన్న చప్పుడు, అన్నీ విడివిడిగా, వరుస నంబర్లతో సహా వినబడతాయి. అంత పెద్ద సైరన్ వినబడని ఆ పిల్లాడి చెవులు తలుచుకుంటే నవ్వొస్తుంది, వెనకాలే కొంచెం అసూయ కూడా.