మూడు జతల ఇయర్ మానిటర్లు, ఒక ఎడమ చెవి

ఊరొదిలి వచ్చి స్థిరపడ్డ మా ఖుర్సీపార్ బస్తీ తెలుగువాళ్ళ భజన బృందంలో నేను పాడను. పాడేవాళ్ళ తప్పులు పడతాను. మిక్సర్ ముందు కూర్చుని ఎవరి గొంతు పెంచాలో, హార్మోనియం ఎక్కడ తగ్గించాలో చూసుకునేవాణ్ణి ఇన్నేళ్ళూ నేనే. నా చెవి ఎంత చెబితే అంత. నాకు ముక్కు మీద కోపం కాబట్టి ఎదురు చెప్పేవాళ్ళూ లేరు.

స్టేజీ మీద పాడేవాళ్ళ ముందు పెట్టే స్పీకరు పెట్టెలు ప్రతి శ్రీరామనవమికీ ఏదో ఒక పాట మధ్యలో కీచుమని కూసేవి. ఈసారి వాటి బదులు ఇన్-ఇయర్ మానిటర్లు కొందామని పెద్దలు తీర్మానించారు. చెవి రంధ్రంలో బిగించుకునే బుల్లి వస్తువులవి. పాడేవాళ్ళకి తమ గొంతు నేరుగా తమ చెవిలోనే వినిపిస్తుంది. బజార్లో తెలిసిన దుకాణదారు మూడు రకాల్లో ఒక్కో జత ఇచ్చి, వారం రోజులు వాడి చూసి నచ్చింది చెప్పమన్నాడు. ఎంచే పని ఎవరి మీద పడిందో చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే టిఫిన్ అయ్యాక కాగితం, పెన్ను తీసుకుని, ఫోనులో ఒక భజన పెట్టుకుని కూర్చున్నాను. మొదటి జతలో ఢోలక్ బాగా ఉబ్బిపోయి వినిపించింది, గొంతు దాని వెనక్కి పోయింది. పైగా దాని గట్టి అంచు చెవి మడతలో ఒత్తి పది నిమిషాలకే నొప్పి పుట్టింది. రెండోది తేలిక, పెట్టుకున్నట్టే తెలియదు. కానీ నోరు బాగా తెరిస్తే జారిపోతోంది. పాడేవాళ్ళు నోరు తెరవకుండా ఎలా కుదురుతుంది? రెండింట్లోనూ ఎడమవైపు కాస్త మందంగా ఉంది. సరిగ్గా బిగియలేదేమోనని రబ్బరు తొడుగులు చిన్నవీ పెద్దవీ మార్చి చూశాను. మార్పేమీ లేదు.

మూడో జతకి స్పాంజి తొడుగులు. వాటిని వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి, ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టాలి. ఆ పని నా చేతులకి కొత్త కాదు, నేను పనిచేసే మిల్లులో మోత తగలకుండా ఇయర్ ప్లగ్గులు పెట్టుకునే పద్ధతీ అదే. చక్కగా బిగిసింది. కుడివైపు తాళం చప్పుడు, గాయకుడు ఊపిరి తీసుకోవడం కూడా విడివిడిగా తెలిశాయి. ఎడమవైపు మాత్రం తువ్వాలు కప్పినట్టు ఉంది. ఇంత మంచి జతలో ఒక పక్క చెడిపోయిందని రాసి, కింద గీత కూడా గీశాను.

మర్నాడు దుకాణానికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. అతను ఓపిగ్గా తన చెవుల్లో పెట్టుకుని చూసి, "అంకుల్, దోనో సైడ్ బరాబర్ హై," అన్నాడు. రెండు పక్కలా సమానంగా ఉంటే నేను పని మానుకుని ఎందుకొస్తానని అరిచాను. అతను కొత్త జత తీసి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే అదీ అంతే.

మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చాక దాని చేతికిచ్చాను. మా బృందంలో ముఖ్యంగా పాడేది తనే. విని, "రెండూ ఒకలాగే ఉన్నాయి నాన్నా," అంది.

"నీకేటి తెలుస్తాదే?" అన్నాను.

అది కోప్పడలేదు. ఎడమవైపుది తీసి, తిరగేసి, నా కుడి చెవిలో నొక్కి పట్టుకుంది. తాళం, ఊపిరి, మాటల అంచులు అన్నీ వచ్చాయి. చెడింది మానిటరు కాదు, నా ఎడమ చెవి. అది నా మొహంలోకి చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎందుకిలా అయిందో ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది. నేను పనిచేసేది ఎర్రగా కాలిన ఇనుమును కడ్డీలుగా సాగదీసే ఒక చిన్న రోలింగ్ మిల్లులో. ఇయర్ ప్లగ్గులు జతగా ఇస్తారు, రెండిటికీ కలిపి తాడుంటుంది. రెండూ పెట్టుకోవాలని గోడ మీద బొమ్మ కూడా ఉంది. చేరిన మొదటి రోజున, మా శ్రీకాకుళం వైపు నుంచే వచ్చిన ఒక పెద్దాయన, నేను బాబాయి అని పిలిచేవాణ్ణి, నా చెవిలోంచి ఒకటి ఊడబీకాడు. "రెండూ మూసేస్తే క్రేను గంట ఎలాగినిపిస్తాదిరా? ఒకటెట్టుకో, ఒకటొగ్గీ," అన్నాడు. అక్కడ అందరిదీ అదే అలవాటు. ఒకటి చెవిలో, ఒకటి మెడ దగ్గర వేలాడుతూ. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే రెండోదీ దూర్చేవాళ్ళం. ఇనుము మోసుకుంటూ క్రేను నాకు ఎడమవైపు నుంచి వచ్చేది. కాబట్టి ఇరవై ఆరేళ్ళు ఆ చెవిని మిల్లు మోతకి తెరిచిపెట్టాను. ప్రాణం కాపాడే తెలివి అనుకున్నాను. నా తర్వాత వచ్చినవాళ్ళకీ అదే నేర్పాను.

చెవి డాక్టరమ్మ పరీక్ష చేసి గీతల కాగితం చూపించింది. ఎడమ చెవి చాలా వరకు పోయిందనీ, కుడి చెవి కూడా కొంత తగ్గడం మొదలుపెట్టిందనీ చెప్పింది. సన్నని శబ్దాలే ముందు పోతాయట. మాటల్లో స, శ, త లాంటివి మీకు సరిగా అందవు అంది. పోయింది తిరిగి రాదు అని కూడా అంది. నేను తలూపి లేచొచ్చేశాను. వినికిడి పోయిందన్న దిగులు కంటే ముందు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. అప్పుడు నిజంగా భయం వేసింది.

ఎప్పుడూ నా ఎడమ పక్కన నిలబడి పాడే మా అమ్మాయిని ఏడాదిగా నేను మాటలు మింగేస్తున్నావని సాధిస్తున్నాను. అక్షరాలు నొక్కి పలకమని, గొంతు పెంచమని. అది పెంచింది. పెంచగా పెంచగా గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగుతూ, మెడకి గుడ్డ చుట్టుకుని సాధన చేసేది. మధ్యలో ఒక నెల పాడనే లేదు. బద్ధకం అని తిట్టాను.

ఇంటికొచ్చి ఫోనులో కిందటేడు రిహార్సల్ రికార్డింగు వెతికి, కుడి చెవిలోనే పెట్టుకుని విన్నాను. ప్రతి అక్షరం ఉంది. ఏదీ మింగలేదు. మెత్తగా, తొందర లేకుండా పాడింది. పాట అయ్యాక ఫోను ఆపడం మర్చిపోయినట్టున్నారు, నా గొంతు వచ్చింది. "ఏటిది? సగం మాటలు మింగేసినావు. మళ్ళీ పాడు." ఒక్క క్షణం ఆగి, "సరే నాన్నా" అని దాని గొంతు. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అరిచినట్టుగా పాడింది. నేను "ఆఁ, అలాగ" అన్నాను. అక్కడ ఆపేశాను. 

ఆ సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి చెప్పాను. తప్పంతా నా చెవిదే అన్నాను. ఓదారుస్తుందేమోనని మనసులో ఎక్కడో ఆశ పడ్డాను. అది ఓదార్చలేదు. "పూరా ఏక్ సాల్ నాన్నా. ఏడాదంతా నా గొంతే పాడైపోయిందనుకున్నా," అని లేచి వెళ్ళిపోయింది. దాని కోపం న్యాయమైందే.

శనివారం బృందం అంతా కూడింది. మూడు జతలూ చాప మీద పెట్టి నా తీర్పు కోసం చూస్తున్నారు. నేను లేచి నిలబడి, ఎడమ చెవి పోయిందని, ఇన్నాళ్ళూ అమ్మాయిని అన్నవన్నీ తప్పులని, ఇక మిక్సర్ దగ్గర కూర్చోనని చెప్పాను. అందరి ముందు చెప్పడానికి చాలా కష్టమైంది.  "ఏది కొనాలో అదే ఎంచుతాది," అని చెప్పి వెళ్ళి గోడ వార కూర్చున్నాను.

మా అమ్మాయి ఒక్కో జతా పెట్టుకుని, ఒక్కో చరణం పాడి చూసింది. మూడో జత పెట్టుకున్నాక కళ్ళు మూసుకుంది. ఏడాది తర్వాత మొదటిసారి గొంతు బిగించకుండా, పైకి లేపకుండా పాడింది. హార్మోనియం వాయించే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పక్కనున్న ఆయన తల ఊపుతూ ఉండిపోయాడు. నేను కూర్చున్న చోటికి ఆ పాటలో సగం కూడా అందలేదు. గొంతు పెంచమని మాత్రం అనలేదు.