రోహిణి కార్తెకో స్వెటర్

మా మేనత్త పోయింది. ఫోన్ వచ్చేటప్పటికి నేను రాజమండ్రిలో, నేను పనిచేసే బట్టల షోరూమ్ మూడో అంతస్తులో, ఒక పెళ్లివారికి పట్టుచీరలు విప్పి చూపిస్తున్నాను. "అమ్మాయ్, మీ అత్త ఇక లేదే" అన్నాడు మావయ్య. పెళ్లికూతురి తల్లి "ఆ మామిడిపండు రంగుది మళ్లీ ఒకసారి చూపించమ్మా" అంటోంది. చూపించాను. ఆ తర్వాత మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేశాను. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. ఒంటి మీద అత్త అల్లిన స్వెటర్ అలాగే ఉంది. సోడాబండి ఆయన "ఏంటమ్మా, జ్వరమా?" అనడిగాడు. "కాదండీ, మా అత్త పోయింది" అన్నాను. ఆయనకి ఏమర్థమైందో ఏమో, నిమ్మసోడా కొట్టి చేతిలో పెట్టాడు.

ఇలాంటివి ఏడుస్తూ రాయాలి, నాకూ తెలుసు. కానీ అత్త గురించి మొదలుపెడితే చాలు, నాకు ఏడుపు ఆగిపోయి హుషారు వచ్చేస్తుంది. ఏం చెయ్యను, మనిషే అలాంటిది! అందుకని ఇందులో నవ్వులుంటే తప్పు పట్టకండి.

అత్తది నరసాపురం. ఆ ఊళ్లో ఎండాకాలం ఒక్కటే సొంత కాలం, మిగతావన్నీ చుట్టపుచూపుగా వచ్చి పోతాయి. చలి అంటే ధనుర్మాసంలో నాలుగు తెల్లవారుజాములు, అంతే. అలాంటి ఊళ్లో కూర్చుని మా అత్త ఆడవాళ్లకి స్వెటర్లు అల్లేది. ఏ కాశ్మీరుకో పంపడానికి కాదండీ, అక్కడివాళ్లు అక్కడే వేసుకోవడానికి! "ఈవిడకి ఎండదెబ్బ తగిలింది" అనేవాళ్లు వీధిలో. అత్తకి వినపడేది. వినపడితే ఇంకో వరస ఎక్కువ అల్లేది.

అక్కడి ఆడపిల్లలందరిలాగే తనకీ చిన్నప్పటి నుంచీ లేసు అల్లిక వచ్చు. బల్లగుడ్డలు, తలగడ అంచులు అల్లి ఏజెంటుకి ఇస్తే అవి ఎక్కడెక్కడికో వెళ్లిపోయేవి. ఓసారి ఆ ఏజెంటు దగ్గర ఒక విదేశీ బొమ్మల పుస్తకం చూసింది. అందులో ఒకావిడ ముందు గుండీలున్న స్వెటర్ వేసుకుని నిలబడి ఉంది, స్వెటర్ నిండా పువ్వుల్లా చిల్లులు. "ఇది మన లేసే కదండీ! చేతులు పెడితే స్వెటర్, పెట్టకపోతే బల్లగుడ్డ" అందట. ఇంటికొచ్చి మొదలెట్టేసింది.

మొదటి స్వెటర్ తనకే అల్లుకుంది, తెల్ల నూలుదారంతో. అల్లడం అద్భుతంగా వచ్చింది. ఆ తర్వాత లేసు పనివాళ్లు ఎవరైనా చేసే పనే చేసింది. గంజిలో ముంచి, చాప మీద పరిచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరబెట్టింది! బల్లగుడ్డ అయితే అలాగే చెయ్యాలి మరి, నిలబడాలి కదా. స్వెటర్ కూడా నిలబడింది. మర్నాడు తొడుక్కుంటే చేతులు రెండూ చెరో పక్కకి చాచుకుని ఉండిపోయాయి, కిందికి దిగవు. పోనీ విప్పేసిందా అంటే లేదు. మావయ్య గోదావరి రేవులో, జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించే పంటుకి టిక్కెట్లు ఇచ్చేవాడు. ఆయనకి చూపించి తీరాలని అలాగే నడిచి వెళ్లింది. "ఏంటోయ్, పొలంలోంచి దిష్టిబొమ్మ వచ్చేసింది!" అన్నాడాయన. టిక్కెట్టు అందుకోవడానికి మోచెయ్యి వంగలేదు. పంటు మీద జనమంతా ఒకటే నవ్వు, అందరికంటే ఎక్కువ అత్తే నవ్వింది. అవతల సఖినేటిపల్లి ఒడ్డు చేరేలోపల చెమటకి గంజంతా కరిగి ఒంటికి అతుక్కుపోయింది, ఈగలు వెంటపడ్డాయి. "అదే నా చదువే కోడలా. గంజి గుడ్డకి, ఒంటికి కాదు" అనేది ఈ కథ చెప్పినప్పుడల్లా. అయినా తమాషా ఏంటంటే, తర్వాత అల్లిన స్వెటర్లన్నిటికీ కాలరు ఒక్కదానికి మటుకు గంజి పెట్టేది. ఆ కాలరు నిలబడే తీరు చూసే మా అమ్మ తనకీ ఒకటి అడిగింది. అమ్మని చూసి ఎదురింటి వాళ్లు, వాళ్లని చూసి వీధి వీధంతా.

ఆవిడ దగ్గర కాలానికో పద్ధతి ఉండేది. మల్లెపూల రోజుల్లో వెనక మెడ బాగా దించేది, కాలరు తగిలి పూలు నలిగిపోతాయని. చేమంతులొచ్చాక ముడి పైకి వేసుకుంటారు కాబట్టి మెడ ఎత్తు పెంచొచ్చనేది. ముసురు పట్టిన రోజులకి స్వెటర్ నడుము దగ్గరే ఆగిపోవాలి, ముదురు రంగే ఉండాలి, ఊలు తక్కువుండాలి. "ఊలు తడిస్తే మేకపిల్ల వాసనే. బస్సులో నీ పక్కన ఎవరూ కూర్చోరు." ధనుర్మాసానికి నిండు చేతులు. కానీ ముగ్గు పెట్టేటప్పుడు పైకి తోసుకోవడానికి వీలుగా మణికట్టు దగ్గర వదులుండాలి. ఇక చీర మీద స్వెటర్ వేసుకుని పైటని లోపల దాచేసేవాళ్లు కనిపిస్తే మాత్రం అత్తకి ఒళ్లు మండిపోయేది. "పైట కప్పెట్టేస్తే ఇంక చీర కట్టడం దేనికే? పైట పైకి లాగు, గొలుసు బయటికి తియ్యి, గాజులు స్వెటర్ చేతుల్లోకి పోనివ్వకు, చప్పుడు వినపడాలి!"

ఎండాకాలానికి స్వెటరేంటత్తా అని నేనే వెక్కిరించేదాన్ని. సన్న నూలుదారం, పెద్ద పెద్ద చిల్లులు, మోచేతి పైదాకా చేతులు, తీసి మడిస్తే హ్యాండ్‌బ్యాగులో పట్టేస్తుంది. "బ్యాంకులో ఏసీ, బస్సులో ఏసీ, సినిమాహాల్లో ఏసీ. రొయ్యల ఫ్యాక్టరీలో ఆడవాళ్లయితే ఐసులోనే చేతులు పెట్టి పని చేస్తున్నారు. చలికాలం మనూరు రావడం మానేసింది కోడలా, మనమే దాంట్లోకి వెళ్తున్నాం" అంది. ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు.

ఆవిడతో వేగడం తేలికేమీ కాదండోయ్. ఓసారి ఏసీ బస్సులో ముక్కూమొహం తెలియని కాలేజీ అమ్మాయి పైకి వంగి "ఆ చివరి గుండీ తీసెయ్యమ్మా, పొట్ట దగ్గర లాగుతోంది" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్ల గుండీ తీసి అద్దంలో చూసుకుని "అవునండీ ఆంటీ!" అంది. ఇంక దిగేదాకా వాళ్లిద్దరూ ఒకటి, నేను వేరు.

ఇప్పుడు నా సంగతికి వస్తాను. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడ్డాక ఇంట్లో నా జీతమే ఆధారమైంది. పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. షోరూమ్‌లో చేరిన నెలకే నాకు దగ్గు పట్టుకుంది. పైన గొట్టంలోంచి చల్లగాలి తిన్నగా వీపు మీదే పడేది. పట్టుచీర విప్పడం, దగ్గడం, మడవడం, దగ్గడం. కొనేవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. సూపర్‌వైజర్‌గారు ఓ రోజు పిలిచి "నెలాఖరుకి ఈ దగ్గు తగ్గకపోతే వేరే చోట చూసుకోండమ్మా" అన్నారు. స్వెటర్ వేసుకుందామంటే స్టాఫ్‌రూమ్‌లో బోర్డు ఉంది. "డ్యూటీలో స్వెటర్లు, శాలువాలు వేసుకోరాదు." యూనిఫామ్ చీర కనపడాలి కదా మరి!

అత్తకి ఫోన్ చేసి ఏడ్చేశాను. మర్నాడు ఉదయం పది దాటాక, చంకలో బ్యాగుతో, నా సెక్షన్‌లోకి నడిచొచ్చి "ఏమ్మా, ధర్మవరం చూపించు" అంది, నేనెవరో తెలియనట్టు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. నన్ను ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పింది. అది తియ్యి, ఇది తియ్యి, ఆ పైది తియ్యి. ఎక్కడ నిలబడితే గాలి ఎక్కడ తగులుతోందో చూస్తోందని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. "మెడ వెనకా, రెండు జబ్బల మధ్యా పడుతోందే" అంది చీర మడతలోకి మొహం పెట్టి. సూపర్‌వైజర్‌గారు రానే వచ్చారు.

"ఏవండీ బాబూ, పట్టుచీరలకి ఉక్కపోస్తుందా అండీ, ఇంత ఏసీ పెట్టారు?" అనడిగింది.

"కస్టమర్లకి హాయిగా ఉండాలి కదండీ" అన్నారాయన.

"ఆయ్, మరేనండి. ఈ అమ్మాయికి కూడా హాయిగా ఉంటే నాలుగు చీరలు ఎక్కువ చూపిస్తుందేమో" అని, చివరికి "అంచులు నచ్చలేదండీ" అంటూ ఒక్కటీ కొనకుండా లేచిపోయింది. ఆ గుట్టంతా మడిచేసరికి నా నడుం విరిగింది.

మధ్యాహ్నం భోజనానికి బయటికెళ్తే గేటు దగ్గరే ఉంది. "బోర్డు మీద ఏం రాశారో పొల్లుపోకుండా చెప్పు" అంది. చెప్పాను.

"స్వెటర్లు, శాలువాలు. అంతేనా?"

"అంతే."

"జాకెట్టు వేసుకోరాదని రాశారా?"

"జాకెట్టు ఎందుకు వద్దంటారత్తా? చీరకి జాకెట్టు లేకుండా ఎలా?"

"మరింకేం!" అని నా భుజాలకి కొలత తీసుకుని రైలెక్కేసింది.

వారం తిరక్కుండా వచ్చింది ఆ జాకెట్టు. యూనిఫామ్ చీర అంచు రంగే, ముదురు ఎరుపు. ముందు భాగం పల్చగా లేసు పని, మణికట్టు దాకా చేతులు. వెనక మటుకు మెత్తటి ఊలు, జబ్బల మధ్య రెండు వరసలు దట్టంగా. తొడుక్కుంటే మెడ వెనక అత్త చెయ్యి వేసినట్టుంది. ఆ రోజు పొద్దున్న నుంచీ నేను ఒక్కసారి కూడా దగ్గలేదు! పదకొండింటికి ఒక పెద్దావిడ "చీర సంగతి తర్వాత, ముందు నీ జాకెట్టు ఎక్కడ కుట్టించావో చెప్పమ్మా" అంది. ఆ మాట సూపర్‌వైజర్‌గారి చెవిలో పడనే పడింది.

"ఏంటది? స్వెటరా?"

"జాకెట్టండి." పిల్లల ఫీజులు, ఇంటద్దె, అన్నీ కళ్ల ముందు కనిపిస్తున్నాయి.

"ఊలుతో ఉంది కదా?"

"ఊలు జాకెట్టండి. బోర్డు మీద జాకెట్టు వద్దని లేదండి."

"మాటకి మాట చెప్పకండి. వెళ్లి తీసేసి రండి!"

ఆ పెద్దావిడే అంది, "జాకెట్టు తీసేసి రమ్మంటారేంటయ్యా ఆడపిల్లని?" అని. ఫ్లోరంతా గొల్లున నవ్వింది. పాపం, ఆయన మొహం కందగడ్డయింది. తిన్నగా మేడమ్‌గారి దగ్గరికి వెళ్లారు, యజమాని భార్య ఆవిడ. మేడమ్ దిగి వచ్చారు. "వెనక్కి తిరగమ్మా" అన్నారు. తిరిగాను. అయిపోయింది నా పని అనుకున్నాను. అప్పుడు నా వీపు మీద వేళ్లు తగిలాయి, ఊలుని మెల్లగా నొక్కి చూస్తున్నాయి.

"నా క్యాబిన్‌లో కూడా చలి చంపేస్తోందమ్మా. దీన్ని అల్లిన ఆవిణ్ణి ఒకసారి రమ్మంటావా?"

చాటుకెళ్లి అత్తకి ఫోన్ చేశాను. "ఉద్యోగం ఉందా?" అంది ముందు. ఉందత్తా, ఉంది, మేడమ్‌గారికి కూడా కావాలంట, నిన్ను రమ్మంటున్నారు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. తర్వాత "ఎడమ చంక దగ్గర పట్టేస్తోందా?" అనడిగింది. కొంచెం పట్టేస్తోందన్నాను. "ఆదివారం పట్రా, వదులు చేస్తాను" అంది.

బోర్డు మీద ఆ లైను కొట్టేశారు. తర్వాత మా ఫ్లోర్‌లో ఆరుగురు అమ్మాయిలకీ అత్త ముందు గుండీల స్వెటర్లే అల్లింది, ఎవరి ఒంటి రంగుకి తగ్గది వాళ్లకి. ఆ పిల్లలూ "అత్తా" అనే పిలిచేవాళ్లు. ఆఖరికి సూపర్‌వైజర్‌గారు కూడా ఓ రోజు నసుగుతూ వచ్చి, మా ఆవిడకి చేతులు కొంచెం పొడుగు పెట్టించాలండీ అన్నారు. నా ఉద్యోగం ఈరోజుకీ ఉంది. నా పిల్లలు దాని మీదే చదువుకుంటున్నారు. అత్తకి నేను అచ్చంగా రుణపడింది ఇందుకే, ఈ మాట బతికుండగా నోరారా చెప్పలేకపోయాను.

ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం ఎండ ఉండగానే నరసాపురం చేరాను. పసుపు రాసి, కుంకుమ పెట్టి, అత్తని అద్దం మూత ఉన్న ఐసుపెట్టెలో పడుకోబెట్టారు. దూరాన్నుంచి చుట్టాలు రావాలి, అందాకా ఉంచాలి కదా. పెట్టె మోటారు బుర్రుమంటోంది. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. కాసేపటికి మేడమ్‌గారు పంపిన వ్యాను ఆగింది. మా ఫ్లోర్ అమ్మాయిలు ఆరుగురూ డ్యూటీలోంచి డ్యూటీలోనే, యూనిఫామ్ చీరలతో, వాటి మీద అత్త అల్లిన స్వెటర్లతో దిగారు. బిల్లింగ్‌లో కూర్చునే అమ్మాయి వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"అక్కా, అత్తకి చలేస్తోంది" అంది.

అని తన స్వెటర్ విప్పి అద్దం మీద కప్పింది. ఇంకో అమ్మాయి విప్పింది. ఇంకో అమ్మాయి.

"ఏంటమ్మా ఇది? మైల కదా, మళ్లీ ఎలా వేసుకుంటారు?" అన్నాడు ఒక పెద్దాయన.

"ఎందుకు వేసుకోమండీ? ఉతుక్కుని వేసుకుంటాం. ఎల్లుండి డ్యూటీ ఉంది మాకు" అంది బిల్లింగ్ అమ్మాయి.

"ఒసేయ్, ఆ చిలకాకుపచ్చ పక్కన గులాబీ పెట్టకే! అత్త లేచి కూర్చుంటుంది" అంది ఇంకో అమ్మాయి. అంతే, నేను నవ్వాను, మావయ్య నవ్వాడు, ఆ పెద్దాయన కూడా నవ్వాడు. కళ్లల్లోంచి నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. గులాబీ ఇటు, పసుపు అటు, నీలం కాళ్ల వైపు అని వాదించుకుంటూ అన్నిటినీ సర్దారు. గడ్డం దాకా కప్పి, మొహం వదిలేశారు.

బయట ఇంకా ఉక్కగానే ఉంది. ఆ ఉక్కకి అద్దం మీద చెమ్మ పడుతోంది. మావయ్య కండువాతో తుడిచాడు. మళ్లీ పట్టింది. మళ్లీ తుడిచాడు. నీళ్లు కిందికి జారి స్వెటర్లు తడవకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని, అత్త మొహం ఉన్నంత మేరకే తుడుస్తున్నాడు.