బల్ల ముట్టని ఏడు నెలలు

మా సంఘ పెద్ద పోయిన మూడోరోజు పెట్టిన జ్ఞాపక కూడికలో ఆయన గురించి సగం నిజం చదివినారు. "చివరి ఏడు నెలలు ప్రభు బల్లకు దూరంగా ఉండిరి" అని చదివి, ఆ మాటే సంఘం రిజిస్టర్లో ఎక్కించినారు. ఎందుకు దూరంగా ఉన్నాడో చదవలేదు, రాయలేదు. విన్నవాళ్లు ఏమనుకుంటారు? ముసలితనంలో విశ్వాసం సడలిందనుకుంటారు. ఏదో పాపంలో పడినాడనుకుంటారు. సమాధి మీద మట్టి ఆరకముందే ఆయనకు చేసిన అన్యాయం ఇది.

ఆయన బల్ల ముట్టనిది, అంటే ప్రభువు రొట్టె తీసుకోనిది, నా వల్ల. అందుకే ఇది రాస్తున్నా.

ఆయనది మోటార్లకు వైండింగ్ చేసే పని. కోట బజార్లో చిన్న షెడ్డు. ఇక్కణ్ణుంచి సముద్రందాకా రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టిస్తా తిరిగే ఏరేటర్లలో సగం ఆయన ఒకసారైనా విప్పి బిగించినవే. ఆదివారం ప్రార్థనకు గుడికి తెల్లచొక్కా వేసుకొచ్చినా జేబులో టెస్టర్ ఉండేది, చేతుల్లో వార్నిష్ వాసన ఉండేది. పాట ఎత్తుకుంటే రాగం ఒక దారిన పొయ్యేది, ఆయన ఇంకో దారిన పొయ్యేవాడు. పిల్లలు నవ్వితే తనూ నవ్వి ఇంకా గట్టిగా పాడేవాడు.

ఆయన మోపెడ్ ఎవరింటి ముందైనా ఆగితే, చెడింది మోటారా, మనిషా అని మా పేటలో అడుక్కునేవాళ్లు. ఎందుకంటే సంఘంలో ఎవరైనా తప్పులో పడినారని తెలిస్తే ఆయన పదిమందిలో అనడు, చాటున అనడు. ఒక్కడే ఆ ఇంటికి పోతాడు. ముందు మంచినీళ్లు అడిగి తాగుతాడు. ఒకడింట్లో నీళ్లు తాగకుండా వాడి తప్పు వాడికి చెప్పకూడదనేవాడు. చెప్పింది ఇంటికొచ్చి భార్యకు కూడా చెప్పేవాడు కాదు. ఆమే ఈ మాట నాతో అన్నది, కొంచెం కోపంగానే.

నా పాపం ఇది. నేను రొయ్యల గుంటల మీద కాపలా, మేత, నీళ్లు అన్నీ చూసేవాణ్ణి. పోయిన ఏడాది మా గుంటకు రొయ్యల్ని చంపే తెల్లమచ్చ జబ్బు తగిలింది. జబ్బు తగిలిన నీళ్లను కాలవలోకి వదలకూడదు. బ్లీచింగ్ కొట్టి, రోజుల తరబడి ఆపి, అప్పుడు వదలాలి. ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు ఇది. కొత్త పంటకు గుంట యజమానులు రొయ్యపిల్లను ఆర్డరు చెప్పేసినారు, గుంట తొందరగా ఎండాలి. ఓ మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు నేను కాలవలోకి నీళ్లొదిలే తూము పలక ఎత్తేసినా. కింది గుంట మా సంఘంలోని ఒక అక్కది. భర్త లేడు. ఆమె అదే కాలవలోంచి నీళ్లు తోడుకుంటుంది. వారంలో ఆమె గుంట మొత్తం పోయింది.

నేను ఆదివారం గుడికి పోయి ఆమె వెనక వరసలో కూర్చుని పాటలు పాడినా.

పెద్దాయన వచ్చినాడు. నీళ్లు తాగినాడు. అన్నం తిన్నావా అని అడిగినాడు. తర్వాత, తూము ఎవరెత్తినారు అబ్బయా అన్నాడు. నాకేం తెలుసు, జబ్బు కాకులు మోసుకొచ్చుంటాయి అన్నా. అది ఉత్త కథ కాదు, కాకులు చచ్చిన రొయ్యను ఒక గుంటలోంచి ఎత్తకపోయి ఇంకో గుంటలో వేస్తాయి.

"కాకి రొయ్యను మోస్తుంది గానీ తూము పలక ఎత్తదు గదా," అన్నాడు.

నా నోటికొచ్చినట్టు తిట్టినా. మోటార్లు చూసుకో పో, మనుషుల్ని రిపేరు చేసే పని నీకెవరిచ్చినారు అన్నా. గ్లాసు కింద పెట్టి పోయినాడు. అదే వారం మా ఏరేటర్ కాలిపోతే ఆయనే వచ్చి ఎండలో కూర్చుని బాగుచేసినాడు. ఆ రోజు తూము మాట ఎత్తలేదు. మోటారు కోసం వచ్చినరోజు మోటారు మాటే.

రెండోసారి ఇద్దర్ని తీసుకొచ్చినాడు. ముందు ఒక్కడివే పో, వినకపోతే ఒకరిద్దర్ని తోడు తీసుకపో, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని ప్రభువు చెప్పిన వరుస అది. వచ్చినవాళ్లలో ఒకరు నాకు సండే స్కూల్లో పాఠాలు చెప్పిన టీచరమ్మ. ఇంకొకడు నాతో గుంటల మీద పనిచేసే నా స్నేహితుడు. వీళ్లనెందుకు తెచ్చినావని నేను ఎగిరితే ఆయన ఒకటే మాట అన్నాడు.

"నిన్ను ఓడించేవాళ్లను తేలా. నువ్వు బాగుపడితే సంతోషపడేవాళ్లను వెతికి తెచ్చినా."

అప్పుడూ నేను ఒప్పుకోలా. సంఘానికి చెప్పినాడు. నన్ను బల్ల నుంచి తీసేసినారు. మా గుడిలో నెలకొకసారి, మొదటి ఆదివారం రొట్టె విరుస్తారు. బల్ల నుంచి తీసేసినవాళ్లు తలుపు దగ్గర ఆఖరి బెంచీలో కూర్చుంటారు. ఆ మొదటి ఆదివారం నేను పోయి కూర్చున్నా, రాకపోతే భయపడినానంటారని. రొట్టె పళ్లెం కదిలే వేళకు పెద్దాయన పెద్దల బెంచీలోంచి లేచి, నడవ మొత్తం నడిచొచ్చి, నా పక్కన కూర్చున్నాడు. పళ్లెం వస్తే ముట్టకుండా పక్కకిచ్చినాడు. గుడి మొత్తం తిరిగి చూసింది. ఇదేం నాటకం అని పళ్లు కొరికినా.

"నిన్ను బల్ల నుంచి తీయమని చేయెత్తినోళ్లలో నేనూ ఉండా," అన్నాడు మెల్లగా. "నువ్వీడ పస్తుంటే నేనాడ ఎట్టా తింటా?"

ఏడు మొదటి ఆదివారాలు. నడుమునొప్పి ఉన్న మనిషి, వీపు ఆనించుకోను ఏమీ లేని బెంచీ. నేను మాట్లాడితే మాట్లాడేవాడు, లేకుంటే లేదు. ఒక్కసారి కూడా ఇంకా ఎన్నాళ్లురా అని అడగలా. అడిగుంటే నేను మళ్లీ తిట్టి తప్పించుకునేవాణ్ణి. ఏడోసారి పళ్లెం పక్కకిచ్చి, అది పోయినంత దూరం ఆయన దానిమీదే కళ్లుపెట్టినాడు. అది చూసినా.

మర్నాడే అక్క ఇంటికి పోయి చెప్పేసినా. ఆమె చేతిలో పని పక్కన పెట్టి అడిగింది.

"పలక ఎత్తేటప్పుడు కాలవ నీళ్లు తోడే నా మోటారు మోగతా ఉందా?"

"ఉంది అక్కా."

"నీకు వినపడిందా?"

"వినపడింది."

లేచి లోపలికి పోయింది. నేను గడపలోనే నిలబడినా. కళ్లు తుడుచుకుని బయటికొచ్చి, రేపట్నుంచి గుంట గట్టు పనికి రా అన్నది. పోయినా, ఇప్పటికీ పోతున్నా. నన్ను వచ్చే మొదటి ఆదివారం బల్లలోకి తీసుకోమని సంఘాన్ని అడిగింది ఆమే. సంఘం సరేనన్నది. ఆ కబురు చెప్తే పెద్దాయన షెడ్డులో పనాపి నవ్వినాడు. "అయితే ఆ ఆదివారం బాగా ఆకలితో వస్తాలే," అన్నాడు. నాలుగు రోజులకు నిద్రలోనే పోయినాడు.

ఇదీ మీరు రాయని సగం.

సంఘ కార్యదర్శి గారూ, మీ ఇంటికి ముందు ఒక్కణ్ణే వచ్చినా. నీళ్లు తాగి చెప్పినా. రాసిందాంట్లో అబద్ధమేముంది, ఆయన బల్ల తీసుకున్నాడా లేదా అన్నారు. రెండోసారి అక్కను, టీచరమ్మను తోడు తెచ్చినా. రిజిస్టర్ దిద్దితే సంఘం పరువు పోతుందన్నారు. కాబట్టి ఇప్పుడు, అదే వరుసలో, సంఘానికి చెప్తున్నా. మీ మీద నాకు కోపం లేదని రాయను, బోలెడు ఉంది. ఆ కోపంతోనే మీ పేరు ఊరంతా తిప్పి ఉండేవాణ్ణి, ఆయన్ని ఎరగకపోయుంటే. ఆయన లాంటి మనిషి ఏడు నెలలు నా పక్కన కూర్చున్నాడన్న గర్వం నాకుంది. ఆ గర్వం నన్ను దిగజారనీయదు.

రిజిస్టర్లో ఆ మాట కొట్టేయమని అడగడం లేదు. దాని కింద మిగతాది రాయండి. ఎవరి కోసం బల్ల ముట్టలేదో రాయండి. నా పేరు రాయండి, నేను చేసిన పని రాయండి, తూము, అక్క గుంట, అన్నీ. దానికింద నేను సంతకం పెడతా. రాసింది ఆదివారం అందరి ముందూ చదవండి.

చదవకపోతే నన్ను బల్లలోకి పిలిచినా నేను రాను. మీ తప్పు మీకు చెప్పినోణ్ణి నేను. మిమ్మల్ని ఆ తప్పులోనే ఉంచి నేనొక్కణ్ణే తినలేను. ఆఖరి బెంచీలో మీకు కూడా చోటుంచుతా.

రాస్తారా, రాయరా? ఈ శనివారం సాయంత్రం ప్రార్థన మొదలయ్యేలోపల నాకు జవాబు కావాలి.