ఇనుప గిన్నెకు రాతి మూత

మా ఆయనకు షుగరు వచ్చిందని తేలాక డాక్టరు మొదట మానమన్నది బేకరీ బ్రెడ్డు. నంద్యాలలో ఏ బేకరీలో కొన్నా బ్రెడ్డు తియ్యగానే ఉంటుంది. పొద్దున్నే టీలో రెండు ముక్కలు ముంచుకోకపోతే ఆయనకు తెల్లవారినట్టే ఉండదు. ఆయన దిగులు మొహం చూడలేక, చక్కెర లేకుండా నేనే చేస్తానన్నాను.

ఫోన్‌లో ఒకామె మూతపెట్టిన గిన్నెలో రొట్టె కాల్చడం చూశాను. ఆవిరి బయటికి పోకపోతే రొట్టె బాగా పొంగుతుందనీ, పైపొర కరకరలాడుతుందనీ చెప్పింది. మా అమ్మ ఇచ్చిన మందపాటి ఇనుప గిన్నె ఉంది, మూతే లేదు. పెరట్లో కట్టెల పొయ్యి మీద దాన్ని పెట్టి, స్టీలు పళ్లెం మూసి, పైన నిప్పులు పోశాను. వేడికి పళ్లెం వంకరపోయింది. ఆవిరంతా సందుల్లోంచి పోయి, రొట్టె అట్టలా మిగిలింది.

"ఏందే ఇది? చెప్పు అడుగు మాదిరుంది. ఇడ్సిపెట్టు" అన్నాడు మా ఆయన.

నేను విడిచిపెట్టలేదు. ఇంకో పళ్లెం పాడుచేసి, చివరికి గిన్నెను గోనెసంచిలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. విగ్రహాలు చెక్కే షెడ్డులో గిన్నె దించి, దీనికి రాతి మూత కావాలన్నాను.

శిల్పి ఉలి ఆపాడు. "దేవుళ్లను చెక్కేటోళ్లం అక్కా. మూతలు యాడ చెక్కుతాం?"

"ఇంత పెద్ద నందిని చెక్కుతాండావ్, మూత చెక్కలేవా అన్నా?"

"చెక్కలేక కాదు. నిప్పు తగిల్తే రాయి పగుల్తాది."

"పగలని రాయి చూసి చెక్కు. అంతదాకా ఈడనే కూసుంటా."

కూర్చున్నాను. తెచ్చుకున్న పెరుగన్నం అక్కడే తిన్నాను. ఎండ వాలాక అతను లేచి, మూలనున్న రాళ్లలోంచి మెత్తటి బలపపు రాయి ఒకటి లాగాడు. పులుసు కాచుకునే రాతిచిప్పలు దీంతోనే చేసేవాళ్లట. అంచు తొలిచి, గిన్నె మీద పెట్టి చూసి, మళ్లీ తొలిచాడు. మూత కదలకుండా కూర్చున్నాక, "సన్న మంట మీద కాంచుకుంటా పో అక్కా, బేగా కాంచొద్దు" అన్నాడు.

మర్నాడు అలాగే కాచి పిండి వేశాను. మూత ఎత్తితే రొట్టె గుండ్రంగా పొంగి ఎర్రగా ఉంది. చల్లారుతూ పైపొర చిటపటమంది. మా ఆయన చాలాసేపు నమిలాడు.

"దవడలు నొస్తాండాయి."

"బాగలేదా?"

"బాగలేదంటినా? ఇంకో ముక్క కోయ్."

పోయిన ఆదివారం జొన్నపిండి కలిపి చూశాను, పొంగలేదు. ఈసారి తగ్గించి కలుపుతాను.