గాలివాటం ట్రావెల్స్‌కు జగ్గయ్యపేట స్టాపు

2023 ఆగస్టులో మా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు నన్ను ఒక రీ-రిలీజ్ పని మీద నందిగామ, జగ్గయ్యపేట సెంటర్లకు పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ రిప్రజెంటేటివ్. రిప్రజెంటేటివ్ అంటే సినిమాతోపాటు థియేటరుకు వెళ్లే డిస్ట్రిబ్యూటరు తరఫు మనిషి. ప్రతి ఆటకూ హాలు చూసి మేనేజరుతో కలిసి రోజువారీ రిపోర్టు మీద సంతకం పెట్టడం, పబ్లిసిటీ సక్రమంగా జరిగిందో లేదో గమనించడం అతని విధులు. జిల్లాల పేర్లు మారినా మా వ్యాపారంలో ఈ ప్రాంతమంతా నేటికీ కృష్ణా ఏరియాయే.

ఆ చిత్రం అప్పటికి నాలుగేళ్ల కిందటిది. హైదరాబాదులో బయలుదేరిన ఒక రాత్రి బస్సు బెజవాడకు ముందురోజు సాయంత్రమే చేరుకోవడం అందులో కథ. ప్రచారం కోసం నిర్మాతలు ‘గాలివాటం ట్రావెల్స్’ పేరుతో ఒక వెబ్‌సైటు పెట్టారు. దానిలో హీరో బొమ్మ గానీ సినిమా పేరు గానీ ఉండేవి కావు. అచ్చం ప్రైవేటు బస్సుల సైటులాగే రూటు మ్యాపు, టైములు, ఫిర్యాదుల పేజీ ఉండేవి. ఫిర్యాదు రాస్తే కోటేశు అనే కల్పిత కండక్టరు పెడసరంగా జవాబిచ్చేవాడు. ఏసీ పనిచేయడం లేదని ఒకరు రాస్తే, “కిటికీ మీ చేతిలో ఉంది. బెజవాడ ఎండ మా చేతిలో లేదు” అన్నాడు. అతనిచేత తిట్టించుకోవడానికే జనం రాసేవారు.

ఆ మ్యాపులో నందిగామ ఉంది, జగ్గయ్యపేట లేదు. పేట హైవేకు కాస్త లోపలికి ఉండడంతో దూరప్రాంతాల బస్సులు చాలావరకు ప్రయాణికులను చిల్లకల్లులో దింపేసి పోతాయి. కల్పిత బస్సు కూడా ఆ పనే చేసింది. పేట అభిమానులు దాన్ని కల్పనగా తీసుకోలేదు. సొంత మినీ బస్సును పెళ్లిళ్లకూ వేదాద్రి ప్రయాణాలకూ తిప్పే నాగుల్ మీరా వారికి నాయకుడు. తాను రాసి, పదిమందిచేత రాయించి, కోటేశును ఊపిరాడనివ్వలేదు. చివరికి, “మీ గోల పడలేక డ్రైవరు గారు ఒప్పుకున్నారు. ఊళ్లోకి వస్తాం. సెంటర్లో గేదెలు అడ్డం లేకుండా చూసుకోండి” అని జవాబొచ్చింది. మర్నాడు మ్యాపులో జగ్గయ్యపేట స్టాపు వెలిసింది. ఊళ్లో టపాసులు కాల్చారట. ఎక్కని బస్సుకు, లేని స్టాపుకు అంత సంబరం నా సర్వీసులో మరెక్కడా వినలేదు.

నేను పేట థియేటరుకు వెళ్లిన రోజే నాగుల్ మీరా మేనేజరు గదిలోకి వచ్చి ఫోను నా ముందు పెట్టాడు. సైటు చిరునామా అదే. బస్సు లేదు. అదే సంస్థవారి కొత్త సినిమా హీరో గొడ్డలి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మా బస్సు మీదకెక్కి కూర్చున్న ఈయనెవరండీ?” అన్నాడు.

జరిగినది నాకు వెంటనే అర్థమైంది. మా వ్యాపారంలో వెబ్‌సైటు కూడా పబ్లిసిటీ కిందికే వస్తుంది, అంటే వాల్‌పోస్టరుతో సమానం. కొత్త సినిమా వస్తే పాత పోస్టరు మీదే కొత్తది అంటిస్తారు. పబ్లిసిటీ విభాగంవారు ఆ అలవాటునే పాటించారు. ఈ గోడ మీద జనం కూడా రాశారన్న సంగతి వారికి తట్టలేదు.

నాగుల్ మీరా బాధకు మరో కారణం ఉంది. నందిగామ అభిమానులకు పెద్దదిక్కయిన ప్రసన్న సెల్‌ఫోన్ల షాపు నడుపుతుంది. ఉమ్మడి వాట్సాప్ గ్రూపులో ఆమె, “పేటకి స్టాపు ఎప్పుడుంది మీరా అన్నా? కలగన్నారా?” అని అడిగింది. ఇతడు పాత స్క్రీన్‌షాటు పెడితే, “ఇలాంటివి మా షాపులో పది నిమిషాల్లో చేసిస్తాం, రండి” అని బదులిచ్చింది. స్టాపు ఉండేదని ఆమెకూ తెలుసు.

“సైటు తిరిగొస్తేనే ఫ్లెక్సీలు కడతామండీ. లేదంటే మీరూ మేనేజరు గారూ చెరో వరసలో కూర్చుని సినిమా చూసుకోండి” అని అతడు తేల్చేశాడు.

నిర్మాతల ఆఫీసుకు ఫోను చేశాను. సైటు తయారుచేసిన వ్యక్తి ఉద్యోగం మానేశాడు, దాని ప్రతి ఏదీ దాచలేదు. పాత సినిమా సైటుతో ఇప్పుడేం పని అని వారు మర్యాదగానే అడిగారు. ఆ సమాధానం ఉన్నదున్నట్టు చెప్పేసరికి నాగుల్ మీరా ముఖం వాడిపోయింది.

“కోటేశు రాసినవన్నీ పోయినట్టేనా అండీ? కిరాయి లేని రోజు బస్సులో కూర్చుని అవే చదువుకునేవాణ్ణి.”

పోయినట్టేనని చెప్పాను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. ఇప్పుడు రీళ్ల పెట్టెలు లేవు. సినిమా డిజిటల్‌గా వస్తుంది. అది తెరుచుకోవడానికి ఇచ్చే తాళాన్ని ‘కీ’ అంటాం. ఏ థియేటరుకు ఇచ్చిన కీ ఆ థియేటరులోనే, ఇచ్చిన టైముకే పనిచేస్తుంది. ఈ రెండు ఊళ్లకూ కలిపి ఒకే ఆట కేటాయించారు. నందిగామ హాలు కొత్త సినిమాకు బుక్కయి ఉండడంతో కీ పేట థియేటరుకే వచ్చింది. ఆదివారం ఉదయం ఎనిమిది గంటల ఆట.

ఆ కబురు తెలిసి ప్రసన్న నాకు ఫోను చేసింది.

“పొద్దున్నే పేట ఎలా వస్తామండీ? బస్సులన్నీ చిల్లకల్లులోనే దింపేస్తా...” అని ఆగిపోయింది. పకపకా నవ్వింది. “ఈ మాట మాత్రం మీరా అన్నకి చెప్పకండి. మీకు దణ్ణం పెడతా.”

ప్రేక్షకుల రవాణా ఇబ్బందిని సంబంధిత వ్యక్తులకు తెలియజేయడం రిప్రజెంటేటివ్ విధి. వెంటనే తెలియజేశాను.

నాగుల్ మీరా చాలాసేపు నవ్వాడు. “రమ్మనండి. నా బస్సు నేనే తోలుకొస్తా. ఒకటే షరతు. ఎక్కేవాళ్లు ఒక్కొక్కరూ ఫిర్యాదు చెప్పే ఎక్కాలి.”

ఆదివారం ఉదయం నందిగామలో ఆ మినీ బస్సు ముందు ‘గాలివాటం ట్రావెల్స్’ అని ఫ్లెక్సీ కట్టి ఉంది. బస చేసింది అక్కడే కాబట్టి నేనూ ఎక్కాను. తలుపు దగ్గర ప్రసన్న చేతులు కట్టుకుని నిలబడింది.

“అయ్యా, మీ బస్సు పేట లోపలికి వెళ్లట్లేదని ఫిర్యాదండీ.”

“డ్రైవరు గారి మూడ్ బాగుంటే వెళ్తుంది” అని తలుపు పట్టుకున్న నాగుల్ మీరా కోటేశులా బదులిచ్చాడు.

“ఎలా ఉందండీ మూడ్?”

“స్క్రీన్‌షాటు నిజమైందేనని గ్రూపులో పెడితే బాగుంటుంది.”

ఆమె అక్కడే నిలబడి పెట్టింది. ఆ తర్వాతే తలుపు వదిలాడు.

చిల్లకల్లులో అతడు బస్సు ఆపి, “పేట వెళ్లేవాళ్లంతా దిగండి, బస్సు లోపలికి పోదు!” అని కేకేశాడు. “దిగం!” అని నందిగామవాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు. బస్సు ఊరివైపు తిరిగింది. పేట సెంటర్లో టపాసులు మోగుతున్నాయి. రోడ్డుకు చెరో పక్కన ఇద్దరు అభిమానులు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎందుకని సెంటర్లో ఎదురొచ్చిన మేనేజరును అడిగాను.

“గేదెలు అడ్డం రాకుండానండీ” అన్నాడు.

హాలు నిండింది. సైటు మాత్రం తిరిగి రాలేదు. ఆ వారం ఆఫీసుకు పంపిన నివేదిక చివర ఒక సూచన చేర్చాను. గోడ మీద పోస్టరు మార్చడానికి ఎవరినీ అడగనక్కరలేదు. ప్రేక్షకులు తిరిగి జవాబు రాసినదాన్ని తీసేసేటప్పుడు మాత్రం ముందుగా వారికి చెప్పాలి, ప్రతి దాచుకోవడానికి గడువివ్వాలి. ఆఫీసు దాన్ని ఆమోదించిందీ లేదు, తిరస్కరించిందీ లేదు. ఉద్యోగం మానుకునేదాకా నా పరిధిలో నేను పాటించాను.